మాల తీశాక కూడా మందు ముట్టకుండా ఉండాలంటే

అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టని మనిషి, మాల తీసిన వారానికే మళ్లీ వైన్స్ ముందు కనిపించడం మన ఊళ్లలో అందరూ చూసిందే. అది భక్తి చాలక కాదు. దీక్షలో చన్నీళ్ల స్నానం నుంచి రాత్రి భజన దాకా రోజంతా పని ఉంటుంది, ఊరంతా ‘స్వామీ’ అని గౌరవంగా పిలుస్తుంది, పాత జట్టు తాగుదాం రమ్మనదు. మాల తీయగానే ఈ మూడూ ఒక్కరోజులో పోతాయి. వాటి చోట ఏం పెట్టుకోవాలో ఇక్కడ చెబుతున్నాం. దేవుణ్ణి నమ్మేవాళ్లకీ, నమ్మనివాళ్లకీ ఇది ఒకేలా పనికొస్తుంది. తాగుడు లాంటి అలవాట్లు మానడానికి 1994లో అమెరికాలో మొదలైన స్మార్ట్ రికవరీ పద్ధతీ, మానసిక వైద్యులు రాసే మాత్రలూ దీనికి ఆధారం.

మాల వేసుకోబోయేవాళ్లూ, తీశాక మళ్లీ మొదలుపెట్టినవాళ్లూ ముందు లెక్క తేల్చండి. మన విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. 180 మి.లీ. క్వార్టర్‌లో సుమారు 60 గ్రాములు, 8 శాతం ఉండే 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో సుమారు 40 గ్రాములు ఉంటుంది. వారం పాటు ఎంత తాగారో, ఎన్ని గంటలకు, ఎవరితో తాగారో రాయండి. ‘రెండు పెగ్గులే’ అనే లెక్క నమ్మకండి. ఇంట్లో గ్లాసులో పోసుకున్న పెగ్గు 60 మి.లీ. దగ్గర ఆగదు.

రోజూ క్వార్టరో, అంతకు మించో తాగేవాళ్లు, పొద్దున్నే గుక్క పడితే గానీ చేయి నిలవనివాళ్లు ఉన్నపళంగా ఆపకూడదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆఖరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయత్తు కోసం పరుగెత్తేది ఇప్పుడే. ఆ స్థితిలో ఆసుపత్రికి చేరకపోతే ప్రాణం పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో వైన్స్ మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరుస కట్టింది ఇలాంటి లక్షణాలతోనే. ఇంతకు ముందు ఫిట్స్ వచ్చినవాళ్లు, ఇంట్లో తోడు లేనివాళ్లు, గర్భిణులు ఆసుపత్రిలో చేరే మానాలి. డాక్టర్లు వణుకు తగ్గే మాత్రలు మొదలుపెట్టి, వారం రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు. వాటిని మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేసుకోకండి. మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేస్తారు. ఏళ్ల తరబడి తాగిన ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్ ఆ మిగిలిన కాస్తనూ వాడేస్తే మెదడు దెబ్బతింటుంది. చూపు తేడాగా ఉండటం, నడక తూలడం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. అందుకే ‘ముందు థయమిన్ ఇచ్చారా?’ అని గట్టిగా అడగండి.

‘కల్లే కదా’ అనుకునేవాళ్లకూ ఒక మాట. కల్తీ కల్లులో డైజిపామ్, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుస్తాయి. అది మానినప్పుడు వచ్చే ఇబ్బంది ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు ఉండొచ్చు. ఏ కల్లు, ఎన్ని సీసాలు అన్నది డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఒళ్లు కుదుటపడ్డాక ఒక కాగితాన్ని నాలుగు గడులు చేయండి. తాగితే లాభం, తాగితే నష్టం, మానితే లాభం, మానితే నష్టం. మొదటిదీ చివరిదీ నిజాయితీగా నింపకపోతే కాగితం వృథా. ‘తాగితే నిద్ర పడుతుంది’, ‘మానితే బావమరిది జట్టు దూరమవుతుంది’ అని రాస్తేనే ఆ నిద్రకూ, ఆ జట్టుకూ వేరే దారి వెతకగలరు. ప్రతి లాభం పక్కనా అది ఎన్ని గంటలు నిలుస్తుందో రాయండి.

తాగాలన్న కోరిక అల లాంటిది. లేస్తుంది, పొంగుతుంది, సాధారణంగా 20, 30 నిమిషాల్లో దిగిపోతుంది. దానితో పెనుగులాడొద్దు. ఫోన్‌లో టైము చూసి, అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించండి: గొంతులోనా, కడుపులోనా, చేతుల్లోనా? ఆ లోపు అన్నం తినండి, ఎందుకంటే ఖాళీ కడుపు కోరికను పెంచుతుంది. ఎంత బలంగా వచ్చిందో పదికి మార్కులేసి రాసుకోండి. నెల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే ఏ రోజు, ఏ దారిలో, ఎవరి ఫోను తర్వాత కోరిక లేస్తోందో తెలిసిపోతుంది. జీతం రోజున వైన్స్ లేని దారిలో ఇంటికి రండి, డబ్బు ముందే ఇంట్లోవాళ్లకు పంపేయండి.

కోరిక వెనకాల ఒక మాట కూడా ఉంటుంది. పెళ్లిలో మామయ్య గ్లాసు అందిస్తాడు. ‘కాదంటే చిన్నచూపు చూస్తారు’ అని లోపల వినిపిస్తుంది. తాగించేది గ్లాసు కాదు, ఆ మాట. దాన్ని నిలదీయండి: పోయినసారి కాదన్నవాణ్ణి ఎవరు చిన్నచూపు చూశారు? ‘వద్దు మామయ్యా, డాక్టరు మాత్రలు వాడుతున్నా’ అనే జవాబు నోటికి వచ్చేదాకా ముందే పలికి చూసుకోండి.

మాత్రల గురించి. నాల్‌ట్రెక్సోన్ రోజుకు 50 మి.గ్రా., తాగితే వచ్చే మజాను తగ్గిస్తుంది. లివర్ పరీక్ష చేయించాకే మొదలుపెట్టాలి, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లకు పనికిరాదు. తాగాలన్న కోరికను తగ్గించే అకాంప్రోసేట్ 333 మి.గ్రా. మాత్రలు పూటకు రెండు చొప్పున మూడు పూటలు. దానికి కిడ్నీ పరీక్ష కావాలి. డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతాయి. ఆపేసిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. అందుకే ‘తెలియకుండా కూరలో కలపండి’ అని అమ్మే పొడులు కొనకండి. వాటిలో ఏముందో తెలియదు. డైసల్ఫిరామ్ కలిసిందంటే ఆ రాత్రి తాగివచ్చిన మనిషి చనిపోవచ్చు. డైసల్ఫిరామ్‌ను ఆ మనిషికి చెప్పి, ఒప్పించి మాత్రమే ఇవ్వాలి.

జారితే? ఒక గ్లాసు పడగానే ‘ఒట్టు పోయింది, ఇక ఎంతైతేనేం’ అనిపిస్తుంది. అసలు నష్టం చేసేది ఆ ఆలోచనే. రెండో గ్లాసు పోయకుండా అక్కణ్ణుంచి లేచి రండి, ఏ గంటకు ఏం జరిగిందో రాయండి, మాత్రలు ఆపకుండా డాక్టరుకు చెప్పండి; డైసల్ఫిరామ్ అయితే మాత్రం డాక్టరును అడిగేదాకా వేసుకోకండి. 41 రోజులు మానిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోదనీ గుర్తుంచుకోండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416లో తెలుగులో మాట్లాడొచ్చు. మత్తు అలవాటు మానడానికి సాయపడే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. ఎర్రగడ్డతో పాటు విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలోనూ చికిత్స దొరుకుతుంది. కట్టేసి, కొట్టి మాన్పిస్తామనే చోటికి ఎవరినీ పంపకండి.

మాల తీసే రోజుకు ఏర్పాటు వారం ముందే కావాలి. తిరుగు ప్రయాణంలో ఎవరి పక్కన కూర్చోవాలో తేల్చుకోండి. సాయంత్రం భజన ఉండే గంటకు నడకో, వాలీబాలో, పిల్లల హోంవర్కో పెట్టండి. మానాలనుకునే మరో ఇద్దరితో వారానికి ఒకరోజు గంటసేపు కూర్చుని, ఎవరి కోరికల పుస్తకం వాళ్లు చదవండి.