క్విక్ షిఫ్టర్ వేశాక బండి ఠప్పున కట్ అవుతోందా? ముందు గేర్ రాడ్ పట్టుకుని చూడండి

సోమవారం పొద్దున షట్టరు ఎత్తేసరికే షాపు ముందు స్పోర్ట్స్ బండి నిలబడి ఉందంటే కథ నాకు సగం తెలిసినట్టే. ఆదివారం బండి సామాన్ల బజారు పుత్లీబౌలీ వెళ్ళి కొత్త సైలెన్సరూ, క్లచ్ పట్టకుండానే గేరు మార్చుకునే క్విక్ షిఫ్టర్ కిట్టూ రెండూ ఒకే పూట వేయించుకుని ఉంటాడు. అటునుంచి అటే అనంతగిరి కొండలకు ఒక రైడు. తిరుగు దారిలో ఎక్కడో బండి ఒక్క క్షణం చచ్చి మళ్ళీ బతికి ఉంటుంది. "అన్నా, డూప్లికేట్ కిట్ అంటగట్టారన్నా" అంటూ హెల్మెట్ తీయకముందే మొదలుపెడతాడు.

కిట్ లోపలి సరుకే పాడైన కేసులు నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ బిగింపులో తేడాలే. అసలు రెండూ ఒకేరోజు వేయించడమే మొదటి తప్పు, ఎందుకంటే తర్వాత వచ్చిన రోగం దేనిదో తేలదు. సైలెన్సర్ వేశాక కనీసం ఓ వారం నడిపి, ఆ తర్వాతే కిట్ జోలికి వెళ్ళండి. ఇప్పటికే రెండూ వేసేసుంటే ఈ పని చేయండి: కాలి దగ్గరి గేర్ లివర్‌ను ఇంజిన్‌కు కలిపే గేర్ రాడ్ మీది సెన్సార్ నుంచి కిట్‌తో వచ్చిన కంట్రోల్ బాక్సుకు వెళ్ళే కప్లర్ (వైర్లు కలిపే కనెక్టర్) పీకేసి, మామూలుగా క్లచ్ పట్టి, రోగం ఎప్పుడూ మొదలయ్యేంతసేపు తిప్పండి. రోగం పోతే అది సెన్సార్ వైపుది. పోకపోతే బాక్సు కూడా తీసేసి కంపెనీ కప్లర్లు ఒకదానికొకటి కలిపి మళ్ళీ తిప్పండి. అప్పటికీ ఉందంటే క్విక్ షిఫ్టర్‌కి దానితో సంబంధం లేదు, పైపు దగ్గరకు వెళ్ళండి. విప్పి కలిపే పని పావుగంటే. ఇది చేసుకుని నా దగ్గరకు వచ్చినవాళ్ళు దాదాపు లేరు. ప్లగ్గు మార్చి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఇంజెక్టర్ కడిగించి, చివరికి వస్తారు.

గేరు పడట్లేదు, లేదా మధ్యలో న్యూట్రల్ పడుతోంది

ముందు మీరు నడిపే తీరు చూసుకోండి. క్విక్ షిఫ్టర్ చేసేది ఒకటే. మీరు లివర్ ఎత్తగానే కొన్ని మిల్లీ సెకన్ల పాటు ఇంజిన్ లాగుడు ఆపుతుంది, ఆ సందులో గేర్ల పళ్ళ మీద బరువు తగ్గి తర్వాతి గేరు జారి పడుతుంది. యాక్సిలరేటర్ తిప్పి ఉంచి, బండి గట్టిగా లాగుతున్నప్పుడే దానికి అర్థం. సిగ్నల్ దగ్గర మూడు వేల ఆర్పీఎంలో ఒకటి నుంచి రెండుకు వేస్తే కుదుపు తప్ప సుఖం ఉండదు. కాలితో లివర్‌ను మెల్లగా నెట్టడం కూడా పనికిరాదు. ఒక్క ఊపులో ఎత్తి వదిలేయాలి.

తర్వాత సెట్టింగు. లివర్ ఎత్తినప్పుడు రాడ్ మీద లాగుడు పడుతోందా, నెట్టుడు పడుతోందా అన్నది బండిని బట్టి మారుతుంది. లివర్‌ను చేత్తో ఎత్తి కళ్ళతో చూడండి, బాక్సులో అదే పెట్టండి. తిరగేసి పెడితే గేరు ఎక్కించేటప్పుడు కట్ రాదు, దింపేటప్పుడు వస్తుంది. ట్రాక్ మీద నడిపేవాళ్ళలా గేర్ ప్యాటర్న్ ఉల్టా చేయించుకున్నవాళ్ళు ఇది మర్చిపోతారు.

కట్ టైమ్ 65 నుంచి 75 మిల్లీ సెకన్ల మధ్య మొదలుపెట్టి ఐదేసి చొప్పున దింపుకుంటూ రండి. మరీ తగ్గితే గేరు గట్టిగా తగిలి వెనక్కి వస్తుంది. మరీ ఎక్కువైతే తల ముందుకు ఊగుతుంది, పైపులోంచి ఢామ్మంటుంది. ఇదంతా చేసేముందు చైను చూడండి. వేలాడే చైను మీద ఏ సెట్టింగూ నిలబడదు. ఎంత వదులు ఉండాలో వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కర్‌లోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

"అన్నా, దింపేటప్పుడు క్లచ్ లేకుండా పడట్లేదు" అనేవాళ్ళకు: మీ బండి యాక్సిలరేటర్ కేబుల్‌తో నడిచేదైతే పడదు. గేరు దింపాలంటే ఇంజిన్ తనంతట తాను ఒక్క గుటక రేజ్ ఇవ్వాలి. కేబుల్ పట్టుకున్నది మీ చెయ్యి, బాక్సు కాదు. ఆర్15, నింజా 300 లాంటివాటికి పైకెక్కించే కిట్టే సరిపోతుంది, రెండు వైపులా పనిచేస్తుందని చెప్పే కిట్టుకు ఎక్కువ డబ్బు పోయకండి. ఆర్‌సీ 390 లాగా రైడ్ బై వైర్, అంటే యాక్సిలరేటర్‌కు కేబుల్ బదులు కరెంటు సిగ్నల్ ఉన్నవాటి సంగతి వేరు.

నడుస్తుండగా ఒక్క క్షణం కట్ అయి మళ్ళీ అందుకుంటోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

గేరు మార్చట్లేదు. ఐదో గేరులో అరవై మీద సాఫీగా పోతోంది. ఉన్నట్టుండి పెట్రోలు అయిపోయినట్టు ఒక్క దెబ్బ. మళ్ళీ మామూలే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రాదు, ఇరవై ముప్పై నిమిషాలు నడిచాక మొదలవుతుంది. గుంతల రోడ్డు మీద ఎక్కువ. షాపుకు తెచ్చి స్టాండు మీద పెట్టి గంట రేజ్ చేసినా ఒక్కసారి కూడా రాదు.

ఇలాంటి లక్షణంతో ఒక ఆర్15 వచ్చింది. కిట్ వేసింది నేనే. కాబట్టి కిట్ మీద అనుమానమే రాలేదు నాకు, నా చేత్తో బిగించాను కదా! వేడెక్కాక వస్తోందంటే ఫ్యూయల్ పంపే అనుకున్నాను. ట్యాంకు దించాను, పంపు మార్చాను. రెండ్రోజుల్లో బండి మళ్ళీ వచ్చింది. ప్లగ్ క్యాప్, కాయిల్ మార్చి చూశాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆ అబ్బాయి ఏమీ అనలేదు, తాళం టేబుల్ మీద పెట్టి పక్కన కూర్చున్నాడు. ఆ మౌనం ఇంకా గుర్తుంది. ఏం చేయాలో తోచక కింద కూర్చుని, ఊరికే గేర్ రాడ్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పబోయాను. కదల్లేదు.

అది కదలాలి. గేర్ రాడ్ రెండు కొసల్లో బాల్ జాయింట్లు ఉంటాయి, గిన్నెలో గోళీ లాగా. రెండూ ఒకే వరసలో ఉంటే రాడ్‌ను దాని ఇరుసు మీద అటు కొంచెం, ఇటు కొంచెం దొర్లించొచ్చు. జాయింట్ తిరగకుండా పట్టి ఉంచే చెక్ నట్ బిగించేటప్పుడు ఒకే స్పానర్ వాడితే నట్టుతో పాటు జాయింట్ కూడా తిరిగిపోయి, గోళీ గిన్నె అంచుకు ఆనుకుని బిగుసుకుంటుంది. మామూలు రాడ్‌కు అలా జరిగినా పెద్ద నష్టం లేదు, గేరు కాస్త గట్టిగా పడుతుంది అంతే. కానీ ఇప్పుడు ఆ రాడ్ మధ్యలో మీరు పెట్టింది వెంట్రుకవాసి ఒత్తిడిని కూడా కనిపెట్టే సెన్సార్. ఎవరూ లివర్ ముట్టుకోకపోయినా దాని మీద ఎప్పుడూ ఒక మెలిక ఉంది. కట్ ఇవ్వడానికి కావలసిన ఒత్తిడిలో సగం అక్కడే ఖర్చయిపోయింది. పక్కనే స్ప్రాకెట్ కవర్ వేడి రాడ్‌కు పాకగానే ఇంకాస్త పెరుగుతుంది, ఒక గుంత, బూటు అంచు తగలడం, అంతే. బాక్సు దృష్టిలో మీరు గేరు వేశారు. దాని పని అది చేసింది.

కొన్ని బాక్సులు తాళం తిప్పిన క్షణంలో రాడ్ మీద ఎంత ఒత్తిడి ఉంటే దాన్నే సున్నా అనుకుంటాయి. అందుకే పొద్దున బాగుంటుంది, వేడెక్కాక తేడా వస్తుంది. బండి మీద కూర్చుని కాలు లివర్ కింద పెట్టి తాళం తిప్పే అలవాటు ఉన్నవాళ్ళకు అసలు లివర్ ఎత్తినా కట్ రాకపోవచ్చు. అదీ ఇందులో భాగమే.

సరిచేయడం ఇలా. ఇంజిన్ చల్లారాక, గేర్ లివర్ వైపు, ఇంజిన్‌లోంచి బయటికి వచ్చే గేర్ షాఫ్ట్ వైపు రెండు చెక్ నట్లూ వదులు చేయండి. గుర్తుపెట్టుకోండి, రాడ్‌కు ఒక కొస సాధారణంగా లెఫ్ట్ థ్రెడ్ ఉంటుంది, ఉల్టా తిరుగుతుంది. తెలియక బలం ఉపయోగించి మర గుల్ల చేసినవాళ్ళున్నారు. తర్వాత రాడ్ పొడవు. సెన్సార్ మధ్యలో చేరింది కాబట్టి రాడ్ ఆ మేరకు పొట్టిది కావాలి. పాత రాడ్‌కే సెన్సార్ తగిలించి, పొడవు సరిపెట్టడానికి మర కొసన నాలుగు చుట్ల మీద వేలాడదీసిన బళ్ళు చూశాను. ఎం6 మర కనీసం ఆరు మిల్లీమీటర్లైనా లోపలికి పట్టాలి. పొడవు ఎంత ఉండాలంటే, షాఫ్ట్ మీద ఉన్న చిన్న చేయీ రాడ్డూ కలిసే చోట లంబకోణం దగ్గరగా రావాలి. కోణం పడిపోయి ఉంటే మీ కాలి బలంలో కొంత పక్కకు పోతుంది, సెన్సార్‌కు తక్కువ అందుతుంది, మీరేమో సెన్సిటివిటీ పెంచుకుంటూ పోతారు. పెంచిన కొద్దీ ఉత్తుత్తి కట్లు పెరుగుతాయి.

ఇప్పుడు రెండు బాల్ జాయింట్లనూ కళ్ళతో ఒకే వరసకు తెచ్చి, రెండు స్పానర్లు పెట్టండి. ఒకటి చెక్ నట్‌కు, ఒకటి జాయింట్ మెడకు. సెన్సార్ వైపు నట్ బిగించేటప్పుడు సెన్సార్ ఒంటి మీదున్న చదును భాగాన్ని స్పానర్‌తో పట్టాలి. ప్లయర్‌తో పట్టి మెలిపెట్టారో, లోపల ఒత్తిడి కొలిచే పట్టీ పోతుంది, అప్పుడు కిట్ నిజంగానే పాడవుతుంది. బిగించాక మళ్ళీ రెండు వేళ్ళతో దొర్లించండి. రెండు వైపులా సమానంగా, టక్ టక్ మని ఊగాలి. ఊగిందంటే నట్టు మీంచి రాడ్ మీదికి తెల్ల మార్కర్‌తో ఒక గీత గీయండి. రేపు వదులైతే గీత విరిగి కనబడుతుంది.

వైరు సంగతి కూడా. సెన్సార్ వైరును ఫ్రేముకు జిప్ టై వేసి బిర్రుగా కట్టేస్తారు, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. లివర్ కదిలిన ప్రతిసారీ వైరు సెన్సార్‌ను లాగుతుంది. చిటికెన వేలు దూరేంత వదులు పెట్టండి.

ఆ ఆర్15కి పట్టిన టైము పది నిమిషాలు. పంపు డబ్బులు వెనక్కి ఇచ్చేశాను.

పైపులో పటాకులు, మైలేజి పడిపోవడం

యాక్సిలరేటర్ వదిలినప్పుడు రెండు మూడు చిన్న చప్పుళ్ళు మామూలే. పొగ శుద్ధి కోసం ఇంజిన్ పైపులోకి కొంచెం గాలి పంపే ఏర్పాటు కంపెనీదే, పాత సైలెన్సర్‌లో ఆ శబ్దం మింగుడుపడేది, కొత్తదాంట్లో వినబడుతోంది. వరసగా దీపావళి జరుగుతుంటే మాత్రం లీకు చూడండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతి సగం మూయండి. ఇంజిన్ హెడ్ దగ్గరో, అక్కడి నుంచి సైలెన్సర్ దాకా వచ్చే బెండ్ పైపు జాయింట్ దగ్గరో చుఫ్ చుఫ్ వినబడుతుంది. నల్లటి మసి గీత కూడా ఉంటుంది. పాత రాగి ప్యాకింగే మళ్ళీ వేశారన్నమాట. అది ఒక్కసారి నలిగితే దాని పని అయిపోయినట్టే. కొత్తది వేసి, నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించి, ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ చూడండి.

ఈ లీకు ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు ఉంటే మైలేజి కూడా పోతుంది. పొగ దెబ్బదెబ్బగా వస్తుంది, ఆ దెబ్బల మధ్య పైపు బయటి గాలిని పీలుస్తుంది. సెన్సార్‌కు ఆక్సిజన్ ఎక్కువ కనబడితే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు తక్కువైందనుకుని ఇంకా పోస్తుంది. దీనికి రీమ్యాప్, అంటే ఈసీయూ లెక్కలు మార్చడం చేయించమని ఎవరైనా అంటే జేబు పట్టుకోండి. సెన్సార్‌కు ముందున్న జాయింట్లకు సిలికాన్ పేస్టు పూయకండి, ఆ ఆవిరి సెన్సార్‌ను చంపేస్తుంది.

గేరు వేసినప్పుడల్లా ఢాం అంటుంటే మీ కిట్ నిప్పు ఆపే రకం అయ్యుంటుంది. కాలని పెట్రోలు వేడి పైపులోకి పోయి అక్కడ పేలుతుంది. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పైపులో ఉన్న బండికి అది మంచిది కాదు, ఇంజెక్టర్ ఆపే రకం కిట్ కొనండి.

పికప్ తగ్గింది, చెక్ లైటు వెలిగింది

లావు బెండ్ పైపు వేశారు. ఆర్15 వీ4 ది 155 సీసీ, 18.4 పీఎస్. దానికి పెద్ద పైపు తొడిగితే కింద లాగుడు పోతుంది, పైన వచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. చిన్న బళ్ళకు స్లిప్ ఆన్, అంటే చివరి సైలెన్సర్ ఒక్కటీ మార్చడం చాలు. దాంతో బరువు తగ్గుతుంది, గొంతు మారుతుంది. పవరు ఆశించకండి. బెండ్ పైపుతో సహా మొత్తం మార్చే ఫుల్ సిస్టమే కావాలంటే ఆక్సిజన్ సెన్సార్ రంధ్రం ఉందో లేదో, మర మీ సెన్సార్‌దేనా అని డబ్బు కట్టకముందే చూడండి, 12 ఎంఎం, 18 ఎంఎం రెండూ దొరుకుతాయి. సెన్సార్ పీకి గాల్లో వేలాడదీస్తే లైటు వెలగక ఏం చేస్తుంది?

సైలెన్సర్ మూతిలో శబ్దం తగ్గించే డీబీ కిల్లర్ తీసేసి తిరిగేవాళ్ళకు ఒక్క ముక్క. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే పది వేల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. పాత సైలెన్సర్ అమ్మేయకుండా అటక మీద పడేసి ఉంచండి.

ఇవేవీ కాకపోతే

గేర్ ఫోర్క్ వంగడం, గేర్ల పళ్ళు అరగడం ఉంటాయి కానీ అప్పుడు క్లచ్ పట్టినా అదే గేరు జారుతుంది. కప్లర్‌లో నీళ్ళు చేరితే విప్పి ఆరబెట్టండి. బాక్సు ఎర్త్ వైరు రంగు పూసిన బోల్టు కింద పెట్టి ఉంటే రంగు గీకి మళ్ళీ బిగించండి. ఈసీయూ పోవడం నేను ఇంతవరకు చూడలేదు.