చెన్నైలో ఉండి స్విస్ క్రొకడైల్ ఇంజన్ మోడల్స్ కలెక్ట్ చేయడం ఎలా

క్రొకడైల్ అని రాసున్న ప్రతి బాక్సూ కొనేయకండి, ముందు ఏది కావాలో తేల్చుకోండి. స్విట్జర్లాండ్‌లోని గొట్థార్డ్ కొండ లైన్ మీద గూడ్స్ లాగడానికి చేసిన ఇంజన్ ఇది, మధ్యలో క్యాబ్, అటూ ఇటూ పొడుగాటి ముక్కులు, అందుకే ఆ పేరు. 1919-22 మధ్య వచ్చిన సీఈ 6/8 టూ రకం ఇంజన్లు 33, 1926-27లో వచ్చిన త్రీ రకం ఇంజన్లు 18. నంబర్ 142తో మొదలైతే టూ, 143 అయితే త్రీ, 132, 133 అయితే తర్వాత స్పీడ్ 65 నుంచి 75 కిలోమీటర్లకి పెంచి బీఈ 6/8 అని పేరు మార్చినవి. మొదట్లో బ్రౌన్, ఆకుపచ్చ తర్వాత వచ్చింది. చక్రాల రాడ్లు కూడా చూడండి, టూకి త్రికోణం ఫ్రేమ్ ఉంటుంది, త్రీకి ఏటవాలు రాడ్. నా మటుకు నాకు ఆ త్రికోణం తిరుగుతుంటే చూడడమే ఈ ఇంజన్‌లో సగం అందం.

స్కేల్ ఒకటే పెట్టుకోండి. హెచ్ఓలో, అంటే 1:87లో, ఇది సుమారు 22 సెంటీమీటర్లు, ఎన్‌లో 12, జెడ్‌లో సుమారు 9, వన్ గేజ్‌లో అయితే 60 సెంటీమీటర్లు, అపార్ట్‌మెంట్ షెల్ఫ్ లో పట్టదు. మన ఇళ్ళకి హెచ్ఓనే బాగుంటుందని నా అభిప్రాయం. కానీ జర్మన్ బొమ్మరైళ్ళ కంపెనీ మార్క్‌లిన్ వాళ్ళ హెచ్ఓ మూడు పట్టాల సిస్టమ్, ఇంజన్ కింద కరెంటు తీసుకునే స్లైడర్ ఉంటుంది, అది మామూలు రెండు పట్టాల డీసీ ట్రాక్ మీద నడవదు, కొనేముందే అడగండి.

పాతవి కొనేటప్పుడు, ముఖ్యంగా 1947లో మార్క్‌లిన్ తెచ్చిన సీసీఎస్ 800 అనే క్రొకడైల్ మోడల్ లాంటివి, పైన పెయింట్ మెరుపు కాదు, అడుగు ఫొటో పంపమనండి. పాత జింక్ పోతలో సీసం కలిసుంటే లోహం లోపల్నుంచే ఉబ్బి పగుళ్ళిచ్చి పొడి అయిపోతుంది, దానికి మందు లేదు, వేడీ తేమా ఉన్నచోట ఇంకా త్వరగా పాడవుతుంది. వెంట్రుకంత పగులు కనిపించినా వదిలేయండి, ఎంత తక్కువకి ఇస్తానన్నా సరే. బయట దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ కూడా కలుపుకుని లెక్కేసుకోండి, పార్సెల్ మీద అసలు ధరే రాయించండి.

ఇక చెన్నై ఉప్పుగాలి సంగతి. పాత బాక్సుల్లో ఫోమ్ ఈ ఉక్కకి కరిగి పెయింట్‌కి అంటుకుపోతుంది, దాన్ని తీసేసి యాసిడ్ లేని పేపర్ చుట్టండి, బాక్స్ మాత్రం పారేయకండి, అమ్మేటప్పుడు దానికీ విలువుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. నాఫ్తలీన్ ఉండలు వద్దే వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడిపోతాయి. తేమ మీటరు, కాంటాక్ట్ క్లీనర్, మల్టీమీటర్ రిచీ స్ట్రీట్‌లో అడగండి.

అలా దాచి వదిలేయకుండా అప్పుడప్పుడు బయటకి తీసి నెమ్మదిగా ముందుకీ వెనక్కీ నడపండి, లేదంటే గ్రీజు గట్టిపడిపోతుంది. చక్రాలకి ఉండే రబ్బరు టైర్లు ఎండిపోతే ఇంజన్ జారుతుంది, అవి మార్చుకోవచ్చు. నూనె వేసేటప్పుడు బేరింగ్‌కి సూది మొనతో ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే మోటార్ లోపల కమ్యుటేటర్ మీదకి పాకి కార్బన్ బ్రష్‌లు పాడవుతాయి.