మరణం, పునరుత్థానం: యూదుల వ్యాఖ్యానాన్నీ క్రైస్తవుల వ్యాఖ్యానాన్నీ పక్కపక్కన పెట్టి చదవడం ఎలా?

తిరుపతిలో పెరిగినవారు ఏ మతస్థులైనా, చావును గురించిన తెలుగు మాటలను ముందుగా పురాణ కాలక్షేపాల్లోనే విని ఉంటారు. అందువల్ల బైబిలులో ‘పాతాళము’ అన్న మాట కనబడగానే బలిచక్రవర్తి గుర్తుకు వస్తాడు, ‘జీవాత్మ’ అనగానే దాని పక్కన పరమాత్మ వచ్చి నిలబడతాడు. మరణ పునరుత్థానాల వచనాలను చదవదలచినవారు మొట్టమొదట చేయవలసిన పని, ఇటువంటి మాటలను ఒక నోటు పుస్తకంలో విడిగా రాసుకుని, ప్రతి మాటకూ ఎదురుగా దాని వెనుక ఉన్న హెబ్రీ మాటను చేర్చుకోవడం.

ఆదికాండము 2:7లో ‘నరుడు జీవాత్మ ఆయెను’ అని ఉన్నచోట మూలంలోని మాట ‘నెఫెష్ హయ్యా’. అదే మాట మొదటి అధ్యాయంలో చేపలకు, పశువులకు కూడా వాడబడింది కనుక, ఇక్కడ చెప్పబడినది ఊపిరి పీల్చే ప్రాణి అనే తప్ప, దేహాన్ని విడిచి వెళ్లే ఆత్మ అని కాదు. అలాగే ‘షియోల్’ అన్న ఒకే మాట యాకోబు దుఃఖించే చోట ‘మృతుల లోకము’గా, కీర్తనల్లో ‘పాతాళము’గా తెలుగులోకి వచ్చింది. అది మంచివారూ చెడ్డవారూ అందరూ చేరే నిశ్శబ్దమైన చోటు, శిక్షాస్థలం కాదు. 6వ కీర్తననూ ప్రసంగి 9వ అధ్యాయాన్నీ చదివితే, చనిపోయినవారు దేవుని స్తుతించలేరనీ, వారికి ఏమీ తెలియదనీ నిర్మొహమాటంగా చెప్పడం కనిపిస్తుంది. తరువాత వచ్చిన పునరుత్థానపు ఆశను ఈ వచనాల్లోకి వెనక్కు లాగకుండా చదవడం క్రమశిక్షణతో కూడిన పని, అది అంత సులభం కాదు.

ఇక్కడే మరొక జాగ్రత్త అవసరం. పునరుత్థానం పునర్జన్మ కాదు. అదే మనిషి, దేవుని చర్య వల్ల, దేహంతో లేవడమే పునరుత్థానం. యూదుల కబ్బాలా అనే మార్మిక సంప్రదాయంలో ‘గిల్గుల్’ అనే పునర్జన్మ భావన ఉన్న మాట నిజమే గాని, అది మధ్యయుగాల నాటిది కనుక దానిని ప్రవక్తల మీద రుద్దకూడదు.

తరువాత యెహెజ్కేలు 37వ అధ్యాయానికి రండి. ఎండిన ఎముకలు లేచి నిలబడే ఆ దర్శనాన్ని చాలామంది నేరుగా పునరుత్థానానికి రుజువుగా చూపుతారు. అయితే ఈ ఎముకలు ఇశ్రాయేలీయులందరే అని 11వ వచనమే అర్థం చెబుతోంది, అంటే అది బబులోను చెరలో ఉన్న జనం తిరిగి స్వదేశం చేరడానికి పోలిక. యూదు మతబోధకులైన రబ్బీల చర్చల గ్రంథం తాల్ముద్‌లో కూడా ఈ విషయంపై వాదన నడిచింది: ఒకరు ఇది ఉపమానమే అంటే, ఇంకొకరు ఆ లేచినవారు పెళ్లిళ్లు చేసుకుని పిల్లలను కన్నారని అన్నారు, మరొక రబ్బీ లేచి నిలబడి తాను వారి సంతతివాడినేనని చెప్పాడు! ఈ అధ్యాయాన్ని పస్కా పండుగ వారంలోని విశ్రాంతి దినాన యూదుల సమాజమందిరాల్లో చదువుతారు. వ్యక్తులు మరణం నుండి లేస్తారనీ, కొందరు నిత్యజీవానికీ కొందరు నిందకూ లేస్తారనీ స్పష్టంగా చెప్పే వచనం కావాలంటే దానియేలు 12:2 చూడాలి. తెలుగు బైబిలులో ప్రవక్తల మధ్య ఉన్న ఈ గ్రంథం, యూదుల క్రమంలో చివరి భాగమైన ‘కెతూవీమ్’లో ఉంటుంది.

ఎక్కువ సమయం కేటాయించవలసినది మార్కు సువార్త 12:18–27కు. పునరుత్థానం లేదనే సద్దూకయ్యులనే యూదు వర్గంవారికి యేసు దానియేలును చూపలేదు. వారు ప్రమాణంగా ఎంచే మోషే గ్రంథం నుండే, ‘నేను అబ్రాహాము దేవుడను’ అన్న నిర్గమకాండము 3:6ను చూపాడు. దీని పక్కన తాల్ముద్‌లోని సన్హెద్రిన్ అనే భాగపు 90బి పుటను పెట్టండి. అక్కడ రబ్బీలు నిర్గమకాండము 6:4ను తీసుకుని, పితరులతో చేసిన నిబంధనలో దేశాన్ని ‘మీకు’ ఇస్తానని కాక ‘వారికి’ ఇస్తానని ఉంది కనుక, ఆ పితరులు తిరిగి లేవక తప్పదని వాదిస్తారు. ఎంచుకున్న వచనాలు వేరైనా పద్ధతి ఒకటే: పితరులకు ఇచ్చిన మాటను చావు రద్దు చేయలేదు. పునరుత్థానం యేసు అనుచరులు కొత్తగా తెచ్చిన సిద్ధాంతమనీ, యూదులకు అది లేదనీ అనుకునేవారికి ఈ రెండు పేజీలే జవాబు. పునరుత్థానానికి ధర్మశాస్త్రంలో, అంటే మోషే గ్రంథంలో, ఆధారం లేదనేవానికి రాబోయే లోకంలో వంతు లేదని తాల్ముద్‌కు మూలమైన మిష్నా అంటుంది, మృతులను లేపువాడా అని దేవుని స్తుతించే మాట యూదుల నిత్యప్రార్థనలో నేటికీ ఉంది. అయితే ‘యూదులు ఇలా నమ్ముతారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేయకండి, సంస్కరణవాద యూదుల్లో అనేకులు ఆ ప్రార్థన మాటనే మార్చుకున్నారు.

అసలు భేదం 1 కొరింథీయులకు 15వ అధ్యాయంలో తేటపడుతుంది. యుగాంతంలో అందరికీ జరగవలసినది మధ్యలోనే ఒక్కనికి, అంటే యేసుకు, జరిగిందని, అతడే ప్రథమఫలమని పౌలు అంటాడు. అక్కడి ‘ఆత్మసంబంధ శరీరము’ దేహంలేని ఆత్మ కాదు, అది కూడా శరీరమే. పౌలు గోధుమగింజను పోలికగా తెస్తాడు, రబ్బీ మేయీరు కూడా లేచేవారికి బట్టలుంటాయా అని అడిగిన ఒక రాణికి, దిగంబరంగా నాటిన గోధుమ ఎన్ని పొరలు కట్టుకుని లేస్తుందో చూడమని బదులిచ్చాడు. మన చిత్తూరు వైపు రైతుకు వేరుశనగ విత్తు చాలు, ఈ పోలిక అర్థమవడానికి. కాని పౌలు నొక్కిచెప్పేది బట్టల సంగతి కాదు, విత్తినదానికీ మొలిచినదానికీ మధ్య ఉన్న మార్పు.

చివరగా ఒక అభ్యాసం. ‘లేఖనముల ప్రకారము మూడవ దినమున’ లేపబడెనని పౌలు రాశాడు గాని, ఏ లేఖనమో చెప్పలేదు. క్రైస్తవ వ్యాఖ్యాతలు తరచుగా హోషేయ 6:2ను చూపుతారు. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ అదే వచనంలోని రెండు దినాలను కూలిపోయిన రెండు దేవాలయాలుగా, మూడవ దినాన్ని కట్టబడబోయే మూడవ దేవాలయంగా చదివాడు. హోషేయ 6వ అధ్యాయాన్ని మొదటినుండి ఒకసారి చదివి, ‘మనలను’ అన్న మాట ఎవరిని ఉద్దేశించిందో మీ నోటు పుస్తకంలో ముందుగా మీరే రాసుకోండి, ఆ తరువాతనే ఈ ఇద్దరి వ్యాఖ్యానాలను విప్పండి.