నారోబోట్‌లో పిల్లలతో కాపురం పెట్టాలంటే

ఇంగ్లండ్‌లో ఇంటి అద్దెలు చూశాక, ఓ నారోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి, పొడుగాటి ఇంటి పడవ) కొనుక్కుని కాలువ మీదే ఉండిపోతే పోలా అని చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. ఉండొచ్చు, పిల్లలతో ఉంటున్నవాళ్లూ ఉన్నారు. కానీ అద్దె మిగులుతుంది కదా అని ఆ ఒక్క లెక్కతో దిగకండి. ఏటా లైసెన్సు, ఇన్సూరెన్సు, నాలుగేళ్లకోసారి బోట్ సేఫ్టీ సర్టిఫికెట్, రెండు మూడేళ్లకోసారి బోటును నీళ్లలోంచి పైకి తీయించి అడుగుభాగానికి నల్ల పూత, ఇవి కాక డీజిల్, బొగ్గు, గ్యాస్. అన్నీ కాగితం మీద వేసుకున్నాకే ముందుకెళ్లండి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది బోటు సంగతి కాదు, పిల్లల బడి సంగతి. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం సొంత మూరింగ్, అంటే బోటు కట్టుకోవడానికి స్థిరమైన చోటు లేనివాళ్లు ఎక్కడా ఏకధాటిగా 14 రోజులకు మించి ఉండకూడదు. అక్కడక్కడే అటూ ఇటూ జరిపితే సరిపోతుందనుకుంటారు కొందరు, సరిపోదు. కాలువలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్, లైసెన్సు కాలమంతా కలిపి 20 మైళ్ల పరిధి కూడా తిరగకపోతే ఒప్పుకోవడం కష్టమేనని చెబుతుంది. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఒకే బడికి వెళ్లాల్సిన పిల్లలుంటే ఈ తిరుగుడు ఎంత టెన్షనో ఊహించుకోండి. పైగా 2024 ఏప్రిల్ నుంచి ఇలా తిరిగేవాళ్లకు లైసెన్సు మీద అదనపు బాదుడు కూడా ఉంది. అందుకే నా సలహా, బడి వయసు పిల్లలుంటే రెసిడెన్షియల్ మూరింగ్, అంటే బోటులోనే కాపురం ఉండడానికి అనుమతి ఉన్న చోటు దొరికాకే బోటు కొనండి. దొరకడం తేలిక కాదు, ఖర్చూ ఎక్కువే. కానీ ఉత్తరాలకు, బ్యాంకుకు, వర్క్ వీసా మీద ఉంటే ఆఫీసులో ఇవ్వడానికి ఒక చిరునామా ఉంటుంది. డాక్టర్ విషయంలో మాత్రం కంగారు అక్కర్లేదు, ఇంగ్లండ్‌లో జీపీ, అంటే మామూలు జబ్బులకు ముందుగా చూసే డాక్టర్ దగ్గర పేరు నమోదుకు చిరునామా రుజువు తప్పనిసరి కాదు.

బోటు వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, లోపల ఇంకా తక్కువ. చాలా కాలువల్లో లాకులు (నీటి మట్టం పెంచి, దించి బోటును దాటించే గేట్ల తొట్లు) 7 అడుగుల వెడల్పే కాబట్టి అంతకంటే వెడల్పు ఉండదు. పొడవు 57 అడుగులైతే దాదాపు అన్ని కాలువల్లోనూ వెళ్తుంది. ఎక్కడికీ కదలకుండా ఒకే చోట ఉండేవాళ్లు వైడ్‌బీమ్, అంటే ఇంకా వెడల్పాటి బోటు చూసుకోవచ్చు, నలుగురికి కాస్త ఊపిరాడుతుంది. ఏది కొన్నా నీళ్లలోంచి తీయించి, రేకు మందం కొలిపించి, సర్వేయర్ రిపోర్టు చేతికొచ్చాకే డబ్బు కట్టండి. లోపలి చెక్కపని, లైట్లు చూసి మురిసిపోతే అడుగున తుప్పు కనబడదు. వీలైతే ముందుగా చలికాలంలో ఒక వారం అద్దె బోటులో అందరూ కలిసి ఉండి చూడండి. ఎండాకాలంలో ఎవరికైనా నచ్చుతుంది.

ఇక రోజువారీ సంసారం. టాయిలెట్ సంగతి ముందే మాట్లాడుకోవాలి, సిగ్గుపడితే లాభం లేదు. క్యాసెట్ టాయిలెట్ అయితే అందులో పట్టేది దాదాపు 20 లీటర్లు, నలుగురుంటే రెండు మూడు రోజుల్లో నిండిపోతుంది. దాన్ని చేత్తో మోసుకెళ్లి ఎల్సాన్ పాయింట్‌లో, అంటే కాలువ పక్కన ఇందుకోసమే ఉండే చోట పారబోయాలి. అదనంగా రెండు క్యాసెట్లు పెట్టుకోండి, ఆ పని ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి. నీళ్లు ట్యాంకులో ఉన్నంతే, కాబట్టి కుళాయి వదిలేసి అంట్లు తోమే అలవాటు పోవాలి.

కరెంటు విషయంలో డిసెంబరులో సోలార్ ప్యానెల్‌ను నమ్ముకోవద్దు. ఒడ్డు నుంచి కరెంటు లేకపోతే బ్యాటరీల కోసం రోజూ ఇంజిన్ ఆడించాలి, అదీ రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా కుదరదు. మిక్సీకి ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులా మార్చే పరికరం) ఉండాలి, చట్నీ మాత్రం ఇంజిన్ ఆడుతున్నప్పుడే రుబ్బేసుకోండి, బ్యాటరీల మీద భారం తగ్గుతుంది. మన వంటకు అసలు శత్రువు ఆవిరి. ఇడ్లీ పాత్ర దించేసరికి కిటికీ అద్దాల మీంచి నీళ్లు ధారగా కారి పక్క మీద దుప్పటి తడిసిపోతుంది. మిరపకాయల పోపు ఘాటైతే పడకల దాకా పోతుంది, తప్పించుకోవడానికి ఇంకో గది ఉండదు మరి. వంట చేస్తున్నంతసేపూ ఓ కిటికీ తీసి ఉంచండి. గోడవైపు గాలి ఆడేలా పరుపుల కింద చెక్క పట్టీలు వేయించండి, లేకపోతే బూజు పడుతుంది. కప్పు మీద, తలుపుల దగ్గర ఉండే గాలి రంధ్రాలను చలికి గుడ్డలు కుక్కి మూయకండి. లోపల బొగ్గు పొయ్యి మండుతుంటుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అలారం ఎలాగూ తప్పనిసరి, వారానికోసారి బటన్ నొక్కి చూడండి.

పిల్లలకు ఒకటే చట్టం పెట్టండి: తలుపు దాటితే లైఫ్ జాకెట్. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే కొనండి, లేకపోతే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి జారిపోతుంది. బోటు ఒడ్డుకు తగలబోతుంటే చెయ్యో కాలో అడ్డం పెట్టకూడదని మొదటి రోజే చెప్పండి, టన్నుల బరువు అది.

లాకులో దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. వెనక గేటు దగ్గర నీటి అడుగున ఒక గట్టు ఉంటుంది, దాన్ని సిల్ అంటారు. అది ఎక్కడిదాకా ఉందో గోడ మీద తెల్లగీత చెబుతుంది. నీళ్లు దిగుతుంటే బోటు వెనకభాగం దాని మీద చిక్కుకుని, ముందుభాగం కిందికి పోయి, మునిగిపోయిన సందర్భాలున్నాయి. గేట్ల మీద పరిగెత్తనివ్వకుండా పెద్ద పిల్లలను ఒడ్డున దూరంగా నిలబెట్టి, బోటు ఆ గీత వైపు జరిగితే గట్టిగా అరవమని పని అప్పజెప్పండి. వాళ్లు అరిచారంటే విండ్‌లాస్ (లాకు తిప్పే పిడి) పట్టుకున్నవాళ్లు ముందు ప్యాడిల్ (నీళ్లు వదిలే చిన్న తలుపు) దించేయాలి, ఎందుకు అరిచారన్నది తర్వాత చూసుకోవచ్చు.