ట్రానెక్సామిక్ యాసిడ్ సీరమ్ భయం లేకుండా వాడాలంటే

మంగు మచ్చలకి ఈ సీరమ్ కొందామనుకునేవాళ్లకి ముందు వచ్చే టెన్షన్ ఒకటే, ఇది రక్తం గడ్డకట్టిస్తుందట కదా అని. ఆ భయానికి కారణం లేకపోలేదు, ఎందుకంటే లైసిన్ అనే అమైనో యాసిడ్‌ని పోలిన ఈ పదార్థాన్ని 1962లో జపాన్‌లో ఒకామోటో దంపతులు బయటపెట్టిందే రక్తస్రావం ఆపడానికి, ఇప్పటికీ మాత్రగానూ ఇంజెక్షన్‌గానూ అందుకే ఇస్తున్నారు. అయితే ఇది కొత్తగా గడ్డ కట్టించదు, కట్టిన గడ్డ త్వరగా కరిగిపోకుండా ఆపుతుంది. పైగా మాత్ర మింగితే మందు ఒళ్లంతా తిరుగుతుంది, ముఖానికి రాసుకున్నది రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

కొనేటప్పుడు సీరమ్‌లో ట్రానెక్సామిక్ యాసిడ్ శాతం ఎంతో చూడండి. 2 నుంచి 5 మధ్య ఉంటే చాలు, అంతకు మించి ఉన్నదాని కోసం వెతకొద్దు. శాతం రాయని సీసా నేనైతే కొనను.

తెచ్చిన రోజే ముఖానికి పట్టించేయకుండా మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడండి. దురద, ఎర్రదనం లేకపోతే రాత్రిపూట ముఖం కడుక్కుని పల్చగా రాసి పైన మాయిశ్చరైజర్ వేయండి, కళ్లలోకి మాత్రం పోనివ్వకండి. రెటినాల్, గ్లైకాలిక్ యాసిడ్ లాంటి ముఖానికి రాసే వేరే మందులు అదే వారంలో కొత్తగా మొదలుపెట్టొద్దు, ఎందుకంటే మంట పుడితే దేనివల్లో తేల్చుకోలేం, ఆ మంటే ముదిరితే మచ్చ ఇంకా నల్లబడే ప్రమాదం ఉంది. కాస్త పొడిబారడం మామూలే. మంట తగ్గకపోయినా వాపు వచ్చినా ఆపేసి స్కిన్ డాక్టర్‌కి చూపించండి.

పగలు సన్‌స్క్రీన్ లేకపోతే ఇదంతా వృథా. మంగుని ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాదు, మామూలు వెలుతురు కూడా పెంచుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ అయితే ఇంకా మంచిది. తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఓపిక పట్టండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. ఇంకోటి, దయచేసి వినండి: సీరమ్‌తో తగ్గలేదని సొంతంగా ఈ మాత్రలు తెచ్చుకుని మింగకండి. ఇంతకుముందు కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లకి, హార్మోన్ గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లకి అవి నిజంగానే ప్రమాదం, ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.