పసుపు పోయిన కార్డు చేతికొస్తే: పాత బేస్‌బాల్ కార్డుల్లో రంగు తేడాలు చూసే పద్ధతి

నాలుగేళ్ల కిందట ఒక కార్డ్ షోలో టాప్స్ కంపెనీ 1969లో వేసిన బేస్‌బాల్ కార్డుల సెట్‌లోని 440వ నంబర్, విల్లీ మెక్‌కోవీ అనే ఆటగాడి కార్డు కొన్నాను. మామూలుగా దాని మీద ఇంటిపేరు పసుపు అక్షరాల్లో ఉంటుంది. అరుదుగా దొరికే రకంలో తెల్లగా ఉంటుంది. నా చేతిలోది తెల్లగానే ఉంది. 60 డాలర్లకి భలే బేరం తగిలిందని మురిసిపోయాను. ఇంటికొచ్చి లూప్ (చిన్న భూతద్దం) కింద పెడితే ముఖంలో కూడా పసుపు చుక్క కనపడలేదు. బుగ్గలు నీలం తిరిగి ఉన్నాయి. అది ప్రెస్‌లో వచ్చిన తేడా కాదు, ఏ కిటికీ పక్కనో ఏళ్ల తరబడి ఎండకి ఉన్న కార్డు.

అప్పట్నుంచి, తేడా ఉందని అమ్మేవాళ్లు చూపించే చోటుని ఆఖర్న చూస్తాను. ముందు మిగతా కార్డంతా చూస్తాను.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. 10 రెట్లు పెద్దదిగా చూపించే లూప్, తెల్లటి లైటు, అదే ఏడాది అదే సిరీస్ (విడత)లోని మామూలు కార్డు ఒకటి. మూడోది లేకుండా రంగు గురించి మాట్లాడొద్దు. కన్ను చాలా తేలిగ్గా మోసపోతుంది.

ఆ కాలపు టాప్స్ కార్డులో ఫోటో అంటే నీలం, ఎరుపు, పసుపు, నలుపు ఇంకుల చుక్కలే. ఒక్కో రంగు విడిగా పడుతుంది. అందుకే ప్రెస్‌లో ఒక చోట తప్పు జరిగితే ఆ చోటే దెబ్బతింటుంది. ఎండ అలా కాదు, కార్డు మొత్తాన్నీ తింటుంది. అసలైన తెల్ల అక్షరాల కార్డులో పేరు తెల్లగా ఉన్నా ముఖంలో పసుపు చుక్కలు నిక్షేపంగా ఉంటాయి. ఇదే సెట్‌లో 500వ నంబర్ మికీ మాంటిల్‌కీ తెల్ల అక్షరాల రకం ఉంది. దానికి పెట్టే డబ్బు వేరే లెక్క కాబట్టి అక్కడ ఈ పరీక్ష తప్పనిసరి.

1958 టాప్స్‌లో కథ తిరగబడుతుంది. మామూలుగా తెల్లగా ఉండే అక్షరాలు కొన్ని కార్డుల్లో పసుపు. 30వ నంబర్ హాంక్ ఆరన్‌కి పేరు, 52వ నంబర్ రాబర్టో క్లెమెంటేకి జట్టు పేరు. ఇక్కడ చిక్కేమిటంటే, పాత కాగితం తనంతట తనే పసుపెక్కుతుంది. తెల్ల అక్షరమంటే అక్కడ ఇంకు లేదు, కాగితమే కనిపిస్తోందని అర్థం. కాబట్టి అక్షరాన్ని కార్డు అంచుతో పోల్చండి. రెండూ ఒకే మీగడ రంగులో ఉంటే అది వయసు. అంచు తెల్లగా ఉండి అక్షరం నిమ్మపండులా ఉంటే అప్పుడు గుండె కాస్త వేగంగా కొట్టుకోవచ్చు.

1962 సెట్‌లో 110 నుంచి 196 వరకు ఉన్న రెండో సిరీస్‌కి 'గ్రీన్ టింట్' రకం ఉంది. ఫోటో మొత్తం మీద పల్చటి ఆకుపచ్చ నీడ. ఒంటరిగా చూస్తే ప్రతి కార్డూ ఆకుపచ్చగానే అనిపిస్తుంది, మూడు రాత్రులు నాకు అదే పని. అదే నంబర్ కార్డులు రెండు పక్కపక్కన పెట్టాకే తేలింది. కొందరు ఆటగాళ్లకి ఆకుపచ్చ రకంలో ఫోటోనే మారింది కాబట్టి వాళ్ల కార్డుల దగ్గర ఈ టెన్షన్ లేదు.

నలుపు పోవడం నాకిష్టమైన తప్పు. నల్ల ఇంకు అంత తేలిగ్గా ఎండకి వెలవదు. మిగతా రంగులు కళగా ఉండి నలుపు మాత్రమే లేదంటే ప్రెస్‌నే అనుమానించాలి. 1990 టాప్స్ 414వ నంబర్ ఫ్రాంక్ థామస్‌లో ముందువైపు పేరు లేని రకం అలా వచ్చిందే. పేరు ఒక్కటే చూసి తృప్తి పడకండి. అసలుదాంట్లో ఆ చుట్టుపక్కల నల్లగీతలు కూడా తెగి ఉంటాయి. గీతలన్నీ నిండుగా ఉండి పేరు మాత్రమే మాయమైతే ఎవరో గీకారేమోనని లైటుని ఏటవాలుగా పెట్టి చూడండి. గీకిన చోట మెరుపు చచ్చిపోతుంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తా. మధ్యలో చుక్కతో తెల్లటి గుండ్రం కనిపిస్తే దుమ్ము వల్ల పడ్డ 'ఫిష్ ఐ'. బొమ్మ అంచున ఎరుపో నీలమో విడిగా తొంగిచూస్తే రిజిస్ట్రేషన్ తప్పింది, అంటే రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు. వెనకవైపు బొమ్మ అద్దంలోలా తిరగబడి మసగ్గా ఉంటే, తడి షీటు మీద ఇంకో షీటు పడింది. వీటికి మామూలుగా ధర పెరగదు, తగ్గుతుంది. కార్డుల నాణ్యతకి గ్రేడ్ ఇచ్చే పీఎస్‌ఏ సంస్థలో ముద్రణ లోపానికి గ్రేడ్ పక్కన 'పీడీ' అని వేస్తారు. అదే లోపం అదే చోట చాలా కార్డుల్లో వచ్చి, ఆ సంగతి సేకర్తల్లో పాకితే మాత్రం దాన్నే వేరియేషన్ అని వెతుక్కుంటారు. 1958లో 433వ నంబర్ పాంచో హెరెరా పేరులో ఆఖరి అక్షరం ఎగిరిపోయిన కార్డు అలాంటిదే.

నా మెక్‌కోవీని అమ్మలేదు. లూప్ డబ్బాలోనే ఉంది. ఎవరైనా 'పసుపు లేని' కార్డు తెస్తే దాని పక్కన పెట్టి బుగ్గలు పోల్చి చూస్తాను.