చిన్న కారు మజా తెలియాలంటే: వరంగల్, ములుగు దారుల్లో నడిపే పద్ధతి

పెద్ద ఎస్‌యూవీలో అరవై మీద పోతుంటే మనం చేసే పనేమీ ఉండదు. అదే అరవై ఆల్టోలోనో క్విడ్‌లోనో పోతే గేరుకు పని, స్టీరింగ్‌కు పని, చెవికి కూడా పని. మజా అంతా ఆ పనిలోనే ఉంది. ఆల్టో కే10 బరువు 750 కిలోల దరిదాపు, వెడల్పు 1,490 మిల్లీమీటర్లు, ఇంజన్ 998 సీసీ, శక్తి 67 పీఎస్‌కు (హార్స్‌పవర్ లాంటి కొలత) కొంచెం అటూ ఇటూ. నాలుగు వరుసలు లేని మామూలు రోడ్ల మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు. నర్సంపేట, పరకాల, ములుగు దిక్కు ఊళ్లను కలిపే రోడ్లు చాలా మటుకు ఈ లెక్కలోకే వస్తాయి. ఆ 70 లోపల తన సత్తా మొత్తం చూపించేది చిన్న బండే. కాకపోతే ముందు దాన్ని సరిగ్గా పెట్టుకోవాలి.

టైర్లు, సీటు

"స్టీరింగ్ బరువెక్కింది", "బండి ఒక దిక్కుకు గుంజుతోంది", "గుంతలో పడితే నడుం పోతోంది" అనేవాళ్లలో సగం మందికి గాలి మిషన్ దగ్గరే మందు దొరుకుతుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే అక్కడ స్టిక్కర్ ఉంటుంది. ముందు టైర్లకెంత, వెనక టైర్లకెంత, ఇద్దరు ముగ్గురుంటే ఎంత, ఫుల్ లోడుకు ఎంత అని పీఎస్‌ఐలో (గాలి ఒత్తిడి కొలతలో) రాసి ఉంటుంది. పంక్చర్ షాపులో అడగకుండానే నాలుగింటికీ 35 కొట్టేసే అలవాటు చాలా చోట్ల ఉంది, ఒప్పుకోవద్దు. గాలి ఎక్కువైతే సన్నటి 145 టైరు నడిమి భాగం ఒక్కటే రోడ్డును పట్టుకుంటుంది, బ్రేకు కొట్టినప్పుడు పట్టు తగ్గుతుంది. తక్కువైతే మలుపులో టైరు గోడ వంగి, తిప్పిన చాలాసేపటికి గానీ బండి తిరగదు, టైరు అంచులు రెండూ అరిగిపోతాయి.

గాలి పొద్దున పూట, బండి రెండు మూడు కిలోమీటర్లు దాటకముందే చూడాలి. మే నెల ఎండలో గంటసేపు నడిపి చూస్తే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ కనిపిస్తుంది. అయ్యో ఎక్కువైందని తీసేస్తే తెల్లారి చల్లబడ్డాక ఆ మేరకు తక్కువలో ఉంటుంది. స్టెప్నీని కూడా నెలకోసారి చూడండి. సెకండ్ హ్యాండ్ కారైతే టైరు గోడ మీద నాలుగంకెల ముద్ర వెతకండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే మార్చాల్సిందే, కానీ మన దగ్గర వానాకాలం సంగతి తెలిసినవాళ్లు అంతదాకా ఆగరు.

వెడల్పు టైర్లు, అల్లాయ్‌లు వేస్తే పట్టు పెరుగుతుందన్నది సగమే నిజం. చిన్న ఇంజన్‌కు బరువైన చక్రం తిప్పడం భారం. పికప్ తగ్గుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, మైలేజీ పడుతుంది. ఆ డబ్బులతో మంచి కంపెనీ టైర్లు అదే సైజులో వేయించడం మేలు. ఐదు వేల కిలోమీటర్లకోసారి అలైన్‌మెంట్ (చక్రాలు సరైన దిశలో ఉన్నాయో లేదో) చూపించండి. 80 దగ్గర స్టీరింగ్ వణికితే అది బ్యాలెన్సింగ్ లోపం. చేతులు వదులు చేయగానే బండి పక్కకు పోతే గాలో, అలైన్‌మెంటో తేడా ఉన్నట్టు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు చక్రం దగ్గర టకటక మంటే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లూ లోయర్ ఆర్మ్ బుష్‌లూ మెకానిక్‌కు చూపించాలి. అవి వదులైతే మలుపులో బండి మీద నమ్మకం కుదరదు, ఎంత బాగా నడిపినా.

సీటు సంగతి. వీపు సీటుకు ఆనించి, చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడాలి. క్లచ్ చివరిదాకా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. బేస్ మోడళ్లలో చాలా వాటికి స్టీరింగ్ ఎత్తు మార్చే వీలుండదు కాబట్టి అంతా సీటుతోనే సర్దుకోవాలి. పెడళ్ల కింద అదనంగా వేసిన జారే రబ్బరు మ్యాట్ తీసి అవతల పెట్టండి, అది ముడుచుకుని బ్రేకు కిందకు వస్తుంది. డిక్కీలో పడి ఉన్న సామాన్లు దించేయండి. 750 కిలోల బండిలో 60 కిలోల మనుషులు నలుగురెక్కితే దాని బరువులో మూడో వంతు కొత్తగా చేరినట్టు. ఒక్కరే ఉన్నప్పుడు నడిచిన తీరు అప్పుడు నడవదు.

గేర్లే అసలు సంగతి

మైలేజీ భయంతో నలభైకే నాలుగో గేరు, యాభైకే ఐదో గేరు వేసి, ఆ తర్వాత "ఈ బండికి పికప్ లేదు" అనేవాళ్లు ఎక్కువ. కే10 ఇంజన్ గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 89 ఎన్ఎం, అది వచ్చేది 3,500 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. ఐదో గేరులో 80 మీద ఇంజన్ తిరిగేది సుమారు 2,500. మూడో గేరులో అదే 80 మీద 4,000 దాటుతుంది. మూడో గేరులో 70 దగ్గర గరిష్ఠ టార్క్ చేతికి అందుతుంది. రెండో గేరు 70 దాకా కూడా లాగుతుంది. చాలామంది రెండో గేరును ముప్ఫై మీద చూసి ఉండరు.

అందుకని వాడే పద్ధతి ఇది. స్టార్ట్ చేశాక మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా, రేస్ ఎక్కువ ఇవ్వకుండా పోవాలి, ఆయిల్ వేడెక్కనివ్వాలి. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద ఒక్కో గేరునూ 3,500 నుంచి 4,000 దాకా లాగి పైదానికి మార్చండి. ఆర్పీఎం మీటరు లేని బండి అయితే చెవి చాలు: గరగరమనే ముక్కుడు పోయి శబ్దం ఒకే ధారగా మారే చోటు ఒకటి ఉంటుంది, అక్కడి నుంచే ఇంజన్ ఉషారుగా పలుకుతుంది. 1,500 కింద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మూడు సిలిండర్ల ఇంజన్ బండి మొత్తాన్ని వణికిస్తుంది. అట్లా ముక్కించడం కంటే గేరు తగ్గించడమే ఇంజన్‌కు మంచిది.

గేరు తగ్గించేటప్పుడు బండి కుదుపు ఇస్తోందంటే కారణం లెక్కలోనే ఉంది. 40 మీద మూడో గేరులో ఇంజన్ 2,000 చుట్టూ తిరుగుతుంటుంది, అదే వేగానికి రెండో గేరులో 3,000 కావాలి. ఆ వెయ్యి తేడాను మనం ఇవ్వకపోతే క్లచ్ ప్లేటు అరిగి ఇస్తుంది. క్లచ్ తొక్కి, లివర్ రెండులోకి వేస్తూ యాక్సిలరేటర్‌ను ఒక్కసారి కొద్దిగా తట్టి, ఇంజన్ శబ్దం పైకి లేచిన క్షణాన క్లచ్ వదలాలి. సరిగ్గా కుదిరితే పక్క సీట్లో నిద్రపోయేవాళ్లకు గేరు మారినట్టే తెలియదు. దీన్ని ముందు ఖాళీ రోడ్డు మీద, మూడు నుంచి రెండుకు మాత్రమే సాధన చేయండి. చిన్న కారు నడపడంలో ఇంతకు మించిన ఆనందం ఇంకోటి లేదని గట్టిగా చెప్పొచ్చు.

చెరువు కట్ట దిగేటప్పుడు న్యూట్రల్ వేసి పెట్రోలు మిగిల్చామనుకోవడం అపోహ. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజన్లు పెట్రోలు పోయడమే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఆగకుండా తిరగడానికి తాగుతూనే ఉంటాయి, పైగా ఇంజన్ బ్రేకింగ్ పోతుంది. సీఎన్జీ బండికి శక్తి ఇంకా తక్కువ, వెనక సిలిండర్ బరువు ఎక్కువ. అందులో ఒక గేరు కిందే ఉండటం అలవాటు చేసుకోవాలి.

మలుపులు

సూత్రం ఒకటే: వేగం మలుపుకు ముందే, స్టీరింగ్ నిటారుగా ఉండగానే తగ్గాలి. బ్రేకు, తర్వాత గేరు, తర్వాత స్టీరింగ్, మలుపు మధ్య నుంచి మెల్లగా యాక్సిలరేటర్. ముందు చక్రాలు లాగే బండ్లు కాబట్టి వేగం ఎక్కువై మలుపులోకి దూరితే ముక్కు బయటికి పోతుంది. అప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పితే లాభం లేదు, ఆ టైర్లకు ఇక పట్టు మిగల్లేదు. యాక్సిలరేటర్ కొంచెం వదలండి, ముక్కు లోపలికి వస్తుంది. ఒక్కసారిగా వదిలేసి బ్రేకు తొక్కితే బరువంతా ముందుకు పడి వెనక భాగం తేలికై ఊగుతుంది. వాగన్ఆర్ లాంటి ఎత్తు బండ్లలో ఇది ఎక్కువగా తెలుస్తుంది. ఎదురు లారీ పక్క నుంచి పోయినప్పుడు కొట్టే గాలికి కూడా అవే ఎక్కువ ఊగుతాయి. రెండు చేతులూ తొమ్మిది, మూడు గంటల స్థానంలో ఉండాలి.

మలుపు అవతల కనిపించనంత వరకు మన వరుస మన వరుసే. అవతల బర్రెల మంద ఉందనే అనుకోవాలి.

ఓవర్‌టేక్ లెక్క

లారీ 50 మీద పోతోంది, మీరు 70 మీద దాటాలి. తేడా 20, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. లారీ పొడవు, ముందూ వెనకా వదిలే ఖాళీ, మీ బండి పొడవు కలిపితే 50 మీటర్లు. దాటడానికి తొమ్మిది సెకన్లు. ఆ తొమ్మిది సెకన్లలో మీరు 175 మీటర్లు పోతారు, ఎదురుగా 70 మీద వచ్చేవాడూ 175 వస్తాడు. కనీసం 350 మీటర్ల ఖాళీ రోడ్డు కనిపించాలి, నలుగురెక్కి ఉంటే ఇంకా ఎక్కువ. లారీ వెనకాలే అతుక్కుని పోతే అవతల ఏమీ కనబడదు. ముప్ఫై నలభై మీటర్లు వెనక ఉండి, ముందే మూడో గేరులోకి దించి, రోడ్డు కనిపించగానే వేగం పుంజుకుంటూ బయటికి రండి. బయటికి వచ్చాక గేరు వెతుక్కునేవాళ్లే ఇబ్బంది పడతారు. చాలా చిన్న కార్లలో యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కితే ఏసీ కంప్రెసర్ కాసేపు దానంతటదే ఆగుతుంది. పాత బండి అయితే ఏసీని మీరే చేత్తో ఆపుకోండి, తేడా తెలుస్తుంది.

భూపాలపల్లి దారిలో బొగ్గు, ఇసుక లారీలు వరుసగా పోతుంటాయి. ఒకదాన్ని దాటితే ఇంకోటి. రెండింటి మధ్య మీ బండి దూరే సందు ఉందో లేదో చూసుకోకుండా బయలుదేరవద్దు.

ఈ రోడ్ల మీదే ఎదురయ్యేవి

కోతల రోజుల్లో సగం రోడ్డు వడ్లూ మక్కలూ ఆరబోసి ఉంటాయి. గింజల మీద బ్రేకు కొడితే టైరు కింద గోళీలు పోసినట్టే, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా బండి ఆగే దూరం పెరుగుతుంది. కుప్ప చుట్టూ అంచున పెట్టిన రాళ్లు రాత్రిపూట లైట్లో ఆలస్యంగా కనిపిస్తాయి. తక్కువ ఎత్తు బండికి అవే ముప్పు, ఆయిల్ ఛాంబర్‌కు తగిలితే ప్రయాణం అక్కడితో ఆఖరు. గడ్డి మీద బండి నిలపవద్దు, వేడి సైలెన్సర్‌కు ఎండుగడ్డి అంటుకుంటుంది.

వానాకాలంలో పొలం బాట రోడ్డును కలిసే చోట చూడండి: ట్రాక్టర్ చక్రాల నుంచి రాలిన నల్లరేగడి గడ్డలు పది ఇరవై మీటర్ల దాకా పరిచి ఉంటాయి. తడిసిన రేగడి మీద సన్నటి టైరు నూనె మీద పోయినట్టే జారుతుంది. అక్కడ వేగం ముందే తగ్గించి, బ్రేకు, స్టీరింగ్ రెండూ తాకకుండా దాటాలి. లో లెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే వెనక్కి తిరగండి. అడుగు లోతు ప్రవాహం చాలు, ఇంత తేలిక బండిని పక్కకు నెట్టడానికి. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, తోసి బయటికి తేవడమే.

ఎక్కడ నడపాలి

హన్మకొండ చౌరస్తా, పోచమ్మ మైదాన్ సందుల్లో మజా వేరే రకం. కే10 తిరిగే వ్యాసార్థం 4.5 మీటర్లే కాబట్టి వెనక్కీ ముందుకీ ఆడించకుండా ఒక్క తిప్పులో మళ్లుతుంది. మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్ దిక్కు మాత్రం ఏ బండీ కదలదు, అటు పోకండి. హాఫ్ క్లచ్ మీద గంటసేపు పాకితే ప్లేటు ఆయుష్షు పోతుంది.

గేర్ల సాధనకు నర్సంపేట దాటాక పాకాల పోయే రోడ్డు మంచిది: కొంత దూరం చెట్ల మధ్య, వేగం అవసరం లేని మలుపులు. ములుగు దాటి జంగాలపల్లి క్రాస్ దగ్గర మళ్లి వెంకటాపూర్ మీదుగా రామప్ప గుడి ఉన్న పాలంపేట పోతే పొలాలు, చెరువులు, ఊరూరికో స్పీడ్ బ్రేకర్. రెండు, మూడు గేర్లతోనే దారి అంతా సాగుతుంది. పస్రా నుంచి తాడ్వాయి దాకా అడవి, రోడ్డు మీద కోతులు. పొద్దున ఎనిమిది లోపు పోతే రోడ్డు మనదే. ఆదివారం మధ్యాహ్నం రామప్ప, లక్నవరం దారులు కార్లతో నిండుతాయి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర సమయంలో ఆ దిక్కు సరదా ప్రయాణం పెట్టుకోవద్దు.

ఏఎంటీ ఉన్నవాళ్లకు

గేరు మారేటప్పుడు బండి తల ఊపుతుందని ఏఎంటీని (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తానే మార్చుకునే పద్ధతిని) తిడతారు. గేరు మారబోతోందని అనిపించగానే యాక్సిలరేటర్ కొంచెం వదిలి మళ్లీ తొక్కండి, ఊపు చాలా తగ్గుతుంది. ఓవర్‌టేక్‌కు ముందు లివర్‌ను మాన్యువల్‌లోకి తెచ్చి మీరే గేరు దించుకోండి, దాని ఆలోచన కోసం ఆగితే రెండు సెకన్లు పోతాయి. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి. లోపల ఉన్నది మామూలు క్లచ్ ప్లేటే, కాలుతుంది. కాలు బ్రేకు మీదే ఉంచండి, ఎత్తు ఎక్కువైతే హ్యాండ్ బ్రేకు వేసి ఉంచి, యాక్సిలరేటర్ తొక్కుతూ దాన్ని వదిలి బయలుదేరండి.